గోడ అవతలి గుంత

పద్యనాటకం రిహార్సలు చూద్దామని పోయి, నాటకం కన్నా వేదిక వెనక గదిలో జరిగిన వాదమే ఎక్కువసేపు విని వచ్చాను. అనంతపురంలో అదొక పెద్ద సభామందిరం. పేరెందుకులెండి, అట్లాంటివి ఊరూరా ఉన్నాయి. ఆ గదిలో నిలువెత్తు ఇనప చట్రం. ఆంప్లిఫయర్లు, వైర్‌లెస్ మైకుల రిసీవర్లు, తెర మీదికి బొమ్మ పంపే పెట్టె, కెమెరాల పెట్టె అన్నీ అందులోనే. ముందు నుంచి చూస్తే పచ్చ దీపాలతో పెళ్లి పందిరి. వెనక్కి పోయి చూస్తే అప్పుడే పీకిన చెనక్కాయ చెట్టు. ఏ ఊడ ఏ కాయకు పోయిందో ఎవరికీ తెలియదు.

ఎవరికీ అంటే తప్పు. ఒకాయనకు తెలుసు. డెబ్బై దాటిన మైక్‌సెట్టు మనిషి. ఆయన మేనల్లుడు బెంగళూరులో ర్యాకులు కట్టే పనిలో ఉన్నాడు, ఈ మందిరం బాగుచేత కోసం వచ్చాడు. స్పీకర్లలో గుయ్‌మని ఒకటే మోత. నాటకం ఎల్లుండి.

అల్లుడు: మామా, ఈ వెనకంతా విప్పేసి మళ్లీ కడతాను. రెండు రోజులు పడుతుంది.

మామ: విప్పేది సులభమే. ఎల్లుండి సాయంత్రం తెర లేసేటప్పటికి కట్టకపోతే? ఏ తీగె యాడికి పోతాదో నాకు తెల్సు. నన్నడుగు, చెప్తా.

అల్లుడు: నువ్వు లేనప్పుడు ఎవర్ని అడగాల?

మామ: నేనెప్పుడు లేను?

అల్లుడు: మొన్న కంటి ఆపరేషనుకు పోయినప్పుడు లేవు. నాలుగు రోజులు. ఎవరో పిల్లోడు వచ్చి, మైకు పలకలేదని కొత్త తీగె లాగిపోయినాడు. పాతది తియ్యలేదు. అది దేనిదో వానికి తెలీదు కాబట్టి తియ్యడానికి భయం. ఇప్పుడే లెక్కపెట్టినా. రెండు కొసలూ దేనికీ తగలకుండా ఊరికే వేలాడేవి పదకొండు ఉన్నాయి.

మామ: చచ్చిన తీగెలతో ఏం నష్టమప్పా? తినవు, తాగవు.

అల్లుడు: అడ్డం పడతాయి. గాలికి అడ్డం, చేతికి అడ్డం, కంటికి మరీ అడ్డం. బతికుండేది ఏదో వెతుక్కోవాలంటే ముందు పదకొండు శవాలను పక్కకు జరపాల.

మామ నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. నా స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

మామ: నా మైక్‌సెట్టు రెండు ఇనప ట్రంకు పెట్టెలు. ఒకదాంట్లో ఆహుజా ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు. ఇంకోదాంట్లో తీగెలు, మైకులు. గొట్టాలు బండి మీద వెనక కట్టుకుంటాంటిమి. కరెంటు లేని ఊరైతే కారు బ్యాటరీ. జాతర్లు, పెండ్లిళ్లు, ఎలక్షను మీటింగులు, రామకోటి. యాభై ఏండ్లలో ఒక్క చీటీ అంటించలేదు. యాడన్నా ఆగిందా? అంతకుముందైతే మైకే లేదు. బళ్లారి రాఘవకు ఏ ర్యాకు పెట్టినారు?

(రాఘవ పేరు ఆయన ఊరికే ఎత్తలేదు. 1880లో ఆయన పుట్టింది ఈ సీమ తాడిపత్రిలోనే. ఇక్కడి నాటకాలవాళ్లు ఓడిపోతున్న వాదంలో ఎప్పుడూ రాఘవనే పిలుస్తారు.)

అల్లుడు: రెండు పెట్టెలకు ఒక తల చాలు మామా. ఇది 42 యూల ర్యాకు.

యూ అంటే ఏమిటో నాకోసం చెప్పాడు. ర్యాకు ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును ఒకటిముప్పావు అంగుళం లెక్కన కొలుస్తారు. ఆ ఒక్కో మెట్టు ఒక యూ. సరిగ్గా చెప్పాలంటే 44.45 మిల్లీమీటర్లు. టెలిఫోను ఎక్స్చేంజీల్లో రిలేలను బిగించిన చట్రాల కొలత అది. రేడియో స్టేషన్లు అదే వాడుకున్నాయి, తర్వాత కంప్యూటర్లు, ఇప్పుడు సభామందిరాలు. ఏ దేశంలో చేసిన ఆంప్లిఫయరైనా అనంతపురంలో ఈ చట్రంలో మరలు బిగించేటట్లు కూర్చుంటుందంటే కారణం ఆ పాత టెలిఫోను కొలతే.

అల్లుడు: పుట్టపర్తి తీసుకో. పూర్ణచంద్ర ఆడిటోరియం 1973ది. హిల్‌వ్యూ స్టేడియం 1985లో వచ్చింది. సాయి కుల్వంత్ హాలు 1995లో. మూడూ వేలమంది కూర్చునేవే. ఒకటి గోడల మధ్య, ఒకటి కొండ కింద ఆరుబయట, ఒకటి పక్కలు తెరిచిన హాలు. సేవకు వచ్చేవాళ్లు రాష్ట్రాల వారీగా వంతులు మారుతుంటారు. ఈ వారం ఉన్న మనిషి వచ్చే వారం ఉండడు. అట్లాంటి చోట, 'నన్నడుగు, చెప్తా' అంటే జరుగుతుందా? మొన్న 2025 నవంబరులో సత్యసాయి శతజయంతికి వచ్చిన జనాన్ని చూసినావు గదా. అంత జనంలో ఒక స్పీకరు మూగబోతే, దాని తీగె ఏదో తెలిసిన మనిషి ఏ గేటు అవతల ఇరుక్కొని ఉంటాడో!

మామ: పుట్టపర్తి వేరే. అది ఇప్పుడు మన జిల్లా గూడా కాదు.

అల్లుడు: 2022 ఏప్రిల్లో విడిపోయింది. ఎండ విడిపోలేదు గదా.

ఎండ మాట రాగానే వాదం వేడి మీదికి మళ్లింది. ఇక్కడ మామ చాలా ధీమాగా ఉన్నాడు. ఆ ర్యాకును పెట్టిన కొత్తలో ఆంప్లిఫయర్లను పక్కపక్కనే ఇరికించకుండా, ఒకదానికి ఒకదానికి మధ్య జానెడు సందు వదిలించింది ఆయనే.

మామ: గాలి ఆడాల. మనిషికైనా, మిషనుకైనా. మేలో నలభై దాటుతాది. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఉడికిపోవూ? అందుకే సందు.

అల్లుడు: ఆ సందే దాన్ని ఉడికిస్తాంది.

మామ: ఎట్లా?

అల్లుడు: ఈ ఆంప్లిఫయరు ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక వేడిగాలి వదుల్తుంది. ర్యాకు వెనక గోడకు ఆనుకొని ఉంది. వేడిగాలికి పోయే దారి లేదు. నువ్వు వదిలిన సందులోనుంచి అదే గాలి మళ్లీ ముందుకొస్తుంది. అది దాన్నే మళ్లీ పీలుస్తుంది. తను వదిలిన ఊపిరి తనే పీల్చినట్ల. సందులకు రేకు పలకలు మూసేయాల.

మామ: మూస్తే చల్లగయితాదా? చదువుకున్నోని మాటేనా ఇది?

అల్లుడు మాట్లాడలేదు. వేదిక మీద హార్మోనియం ముందు వెలుగుతున్న ఊదుబత్తి ఒకటి తెచ్చి మామ చేతికిచ్చాడు. ర్యాకు వెనక, సందు దగ్గర పట్టమన్నాడు. పొగ నిలువుగా రెండంగుళాలు లేచింది. ఆ తర్వాత తల వంచుకొని సందులోకి దూరింది. మేము ముందువైపు నిలబడి చూస్తుంటే పొగ ఇవతలికి వచ్చి, కింది ఆంప్లిఫయరు జాలీలోకి పోయింది. మామ ఊదుబత్తి ఇంకో సందు దగ్గర పెట్టాడు. అక్కడా అంతే.

మామ: (చాలాసేపటికి) రేకు పలకలు తెచ్చినావా?

అల్లుడు: తెచ్చినా. ర్యాకును గోడ నుంచి మూడడుగులు ముందుకు జరపాల. లోపల కెపాసిటర్లకు పది డిగ్రీలు వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మా పనిలో ఒక మోటు లెక్క. ఈ ఊర్లో పది డిగ్రీలంటే ఒక తప్పుడు సందు ఖరీదు.

మామ: దుమ్ము సంగతి చెప్పు. ఆషాఢం గాలి వస్తే తలుపులు మూసినా గచ్చు మీద ఎర్రగా పరుపు పరిచినట్లుంటాది. రామగిరిలో గాలిమరలు ఊరికే పెట్టినారా? కణేకల్లు దిక్కు పోతే ఇసుకే దిబ్బలు దిబ్బలుగా లేస్తాది. మీ బెంగళూరు ర్యాకు ఆ గాలి చూడలేదు.

అల్లుడు: చూడలేదు. నిజమే. జాలీకి స్పంజి వడపోత పెట్టినారు గానీ...

మామ: పెట్టినారు. కడిగినారా? నేను గదా వారానికోసారి కడిగేది. నీ కాగితంలో ఆ వారం లెక్క ఉండాదా?

అల్లుడు జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. ఆ రాసుకోవడం మామకు నచ్చింది.

తీగెల విషయంలో ఇద్దరూ అనుకున్నంత దూరంలో లేరు. కరెంటు తీగెలు ర్యాకుకు ఒక పక్కన, మైకు తీగెలు రెండో పక్కన దిగాలన్నది మామకు అలవాటుగా తెలుసు. రెండూ దాటుకోక తప్పని చోట నేరుగా అడ్డంగా దాటాలి గానీ జతగా నడవకూడదు. జతగా నడిస్తే కరెంటు తన పాట మైకు తీగెకు నేర్పుతుంది. బరువు ఆంప్లిఫయర్లు కింద ఉండాలి. అన్నిటికన్నా చివర ఆంప్లిఫయరు వెయ్యాలి, ఆపేటప్పుడు అన్నిటికన్నా ముందు దాన్నే ఆపాలి. లేకపోతే స్పీకరు ధబ్‌మంటుంది. ఈ నాలుగింటి మీద వాళ్లు నిమిషం కూడా ఖర్చు పెట్టలేదు. తగువంతా చీటీల దగ్గర.

మామ: చీటీ అంటిస్తావు. రెండు ఎండాకాలాలకు జిగురు ఎండి రాలిపోతాది. రాలిన చీటీ ఊడ్చేటప్పుడు ఎవడో తీసి కనపడిన తీగెకు అంటిస్తాడు. చీటీ లేకపోతే తెలీదని తెలుస్తాది. తప్పు చీటీ ఉంటే తెలుసనుకొని చస్తాం.

ఈ మాటకు నేను లోలోపల చప్పట్లు కొట్టాను.

అల్లుడు: అందుకే కాగితం చీటీ కాదు. తీగె మీద తొడిగే గొట్టం. అక్షరాలు దాని మీదే అచ్చవుతాయి, వేడి చూపితే ముడుచుకొని పట్టేస్తుంది. రెండు కొసలకూ ఒకే పేరు. నువ్వేమో దారాలు కట్టినావు. ఎర్ర దారం, నల్ల దారం, పసుపు దారం. నల్లది దేనికి?

మామ: నల్లది... వేదిక కుడిపక్క మైకు. కాదు, అది మార్చకముందు. ఇప్పుడు ఎడమపక్క.

అల్లుడు: చూస్తివా?

మామ: ఏం చూస్తివా! ఒక క్షణం ఆలోచించినా. మనిషన్నాక ఆలోచిస్తాడు.

అల్లుడు: నాటకం మధ్యలో హరిశ్చంద్రుని మైకు పోతే ఆ క్షణం ఎంత పొడుగుంటుందో నీకు తెలీదా?

మామ దీనికి జవాబు చెప్పలేదు. ప్లాస్టిక్ కట్లు మాత్రం వద్దన్నాడు. లాగి బిగించి కోసేస్తే, మళ్లీ ఒక్క తీగె తియ్యాలన్నా అన్నీ కొయ్యాలని. అల్లుడు నవ్వి సంచిలోంచి అతుక్కునే పట్టీల చుట్ట తీసి చూపించాడు. ఈ పట్టీల వల్ల ఇంకో లాభముంది. నెట్‌వర్కు తీగెలో జతలుగా మెలిపెట్టిన రాగి తీగలుంటాయి. ప్లాస్టిక్ కట్టుతో గట్టిగా బిగిస్తే ఆ మెలిక నలిగి, పైకి చెక్కుచెదరకుండానే లోపల పాడవుతుంది. ఇప్పుడు ధ్వని కూడా ఆ తీగెల్లోనే పోతోంది కాబట్టి అది చిన్న విషయం కాదు.

మామ: తీగెలు సరే. చెవి సంగతి? వెనక వరసల స్పీకరు ముందు స్పీకరు కన్నా రోంత ఆలస్యంగా పలకాల. లేకపోతే మాట రెండుసార్లు వినపడతాది. మేం వెనక్కి నడిచిపోయి చెవిపెట్టి, గొట్టం జరుపుకుంటాంటిమి. నువ్వేమో ఈ పెట్టెలో అంకెలు కొట్టి పోతావు.

అల్లుడు: అంకె నీ చెవి కన్నా పక్కాగా ఉంటుంది. నూరు మీటర్ల దూరానికి ధ్వని, ఇరవై డిగ్రీల చలిలో సుమారు 291 మిల్లీసెకన్లు తీసుకుంటుంది.

మామ: నలభై డిగ్రీల్లో?

అల్లుడు: (లెక్క కట్టి) 282.

మామ: తొమ్మిది తేడా. తెల్లవారి భజనకు పెట్టిన అంకె మధ్యాహ్నం మీటింగుకు సరిపోదన్న మాట. అందుకే గదా చెవి పెట్టమనేది.

అల్లుడు: ఈ హాలు ఏసీది మామా, అంత తేడా రాదు.

మామ: ఏసీ పనిచేసిన రోజు మాట్లాడు.

ఇక మోత. ఇంతసేపూ వెనక గుయ్‌మంటూనే ఉంది. మన కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది, ఆ ఊగే శ్రుతిలోనే ఈ మోత. వేదిక మీది కీబోర్డు తీగె పీకితే ఆగుతోంది, పెడితే వస్తోంది. అల్లుడు అప్పటికే మీటరు పెట్టి చూశాడు. ర్యాకు దగ్గరి ప్లగ్గు ఎర్త్‌కు, వేదిక పక్క ప్లగ్గు ఎర్త్‌కు మధ్య తొమ్మిది వోల్టులు. రెండూ భూమే అయినప్పుడు మధ్యలో వోల్టులు ఉండకూడదు. ఉన్నాయంటే ఆ తేడా, రెండిటినీ కలిపే దారి దొరకగానే దాంట్లో పారుతుంది. ఆ దారి కీబోర్డు తీగె పైన అల్లిన రాగి జాలీ.

మామ: దీనికి రెండు నిమిషాల మందుండాది. ప్లగ్గులో లావు పిన్ను ఇరిచెయ్. మోత నిలబడిపోతాది.

అల్లుడు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. అంతవరకూ వేళాకోళంగా సాగిన మాట అక్కడ ఆగింది.

అల్లుడు: ఎన్ని ప్లగ్గులకు ఇరిచినావు మామా?

మామ: ఆ కాలంలో అందరూ ఇరిచినోళ్లే.

అల్లుడు: లావు పిన్ను మోత కోసం పెట్టింది కాదు, మనిషి కోసం. లోపల ఎక్కడన్నా కరెంటు తీగె ఊడి రేకుకు తగిలితే, ఆ కరెంటు లావు పిన్ను ద్వారా భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. పిన్ను లేకపోతే అది రేకు మీదే కాచుకొని ఉంటుంది. నటుడు చెమటతో, మైకు పెదవులకు ఆనించి పద్యం ఎత్తుకుంటాడు...

మామ: తెల్సు. (గొంతు తగ్గించి) ఒకసారి జాతరలో హార్మోనియం ఆయనకు పెదవి మీద జిల్లుమనింది. వానకు నేల తడిగా ఉండె. మైకు ఇసిరేసి కింద పడినాడు. బతికినాడు గానీ, ఆ తర్వాత నా మైకు ముందు ఎప్పుడూ పాడలేదు.

ఎవరం ఏమీ అనలేదు. వేదిక మీద ఎవరో రాగం సాగదీస్తున్నారు.

అల్లుడు తన కాగితం విప్పి నేల మీద పరిచాడు. ర్యాకు బొమ్మ, ఏ యూలో ఏ పెట్టె, ఏ తీగె ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏ ప్లగ్గు ఏ ఫేజు మీద, అన్నీ శుభ్రంగా గీశాడు. ర్యాకు తలుపు లోపలివైపు దీన్ని అంటిస్తానన్నాడు. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. అర్ధరాత్రి ముక్కూమొహం తెలియని మనిషి తలుపు తెరిచినా దారి తెలిసేటట్లుంది. సర్దడమంటే అదేనని, అందంగా కనపడటం కాదని నాకప్పటికి పూర్తిగా తలకెక్కింది. మామ వంగి, కాగితంలో రెండుచోట్ల ఉన్న గుర్తు మీద వేలు పెట్టాడు. ఒకదాని కింద ఒకటి పొట్టివవుతూ పోయే మూడు అడ్డగీతలు.

మామ: ఇదేంది?

అల్లుడు: ఎర్త్.

మామ: ఈ మూడు గీతల కింద ఏముండాది?

అల్లుడు: భూమి.

మామ: యాడి భూమి? ఎంత తడి? అబ్బీ, ఈ మందిరానికి రెండు ఎర్త్ గుంతలు. ర్యాకుది పడమటి పక్క, ట్యాంకు కింద. అది కారుతాంటాది కాబట్టి ఎప్పుడూ చెమ్మే. వేదికది తూర్పు పక్క. ఆడ ముందు చేతులు కడుక్కునే కొళాయిలుండె. భోజనాలు చేసినోళ్లు కడుక్కున్న నీళ్లన్నీ ఆ గుంతలోకే పోతాండె. పోయినేడు కొళాయిలు తీసేసి, పైన టైల్సు పరిచినారు. గుంత కింద ఉండాదని ఎవడూ చెప్పలే. నన్ను ఎవడూ అడగలే. ఏడాదిగా దాని నోట్లో చుక్క నీళ్లు పడలేదు.

అల్లుడు మీటరు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు.

ఇక్కడ భూమి సంగతి ఒకటి చెప్పాలి. ఎర్త్ గుంత అంటే రెండున్నర మీటర్ల ఇనప గొట్టమో రాగి పలకో లోపల పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చేది. అది కరెంటును భూమిలోకి వదలాలంటే మట్టిలో తేమ ఉండాలి. ఎర్తింగ్‌కు మన దేశంలో పాటించే ఐఎస్ 3043 ప్రమాణమే ఈ మాట చెబుతుంది. తేమ 20 శాతానికి పైన ఉన్నంతవరకూ మట్టి నిరోధంలో పెద్ద తేడా ఉండదు, దాని కిందికి దిగితే ఒక్కసారిగా పెరిగిపోతుంది. కోనసీమలో ఈ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ వస్తే వచ్చినట్లు, కింద రాయి, పైన జానెడు ఎర్రమట్టి ఉన్న అనంతపురంలో ఆ వాక్యం మీదే సభ నడుస్తుంది. ఇక్కడ బోర్లకే కాదు, మైకుకూ కరువు తగులుతుంది.

అల్లుడు: నీళ్లు పోస్తే చాలదు మామా. రెండు గుంతల్నీ రాగి పట్టీతో కలపాల. అప్పుడు ఒకటి ఎండినా రెండింటి మధ్య వోల్టులు లేవవు.

మామ: కలుపు. కలిపేది రేపు. ముందు దానికి నీళ్లు పొయ్. దాహంతో ఉండేదానికి పెండ్లి చేస్తానంటావేం?

ముగ్గురం బయటికి నడిచాం. తూర్పు గోడ పక్కన మెరిసే టైల్సు, ఎక్కడా గుర్తు లేదు. మామ గోడకు వీపు ఆనించి, పంచె ఎత్తి పట్టుకొని అంగలు వేశాడు. ఏడో అంగ దగ్గర ఆగి మడమతో తట్టాడు. బోలుగా మోగింది.

అల్లుడు కాగితం మీద మూడు గీతల పక్కన రాసుకున్నాడు. మామ అద్దాలు సర్దుకొని, కొత్త కంటితో దగ్గరగా చదివాడు. 'తూర్పు గోడ నుంచి ఏడంగలు.'

మామ: ఎవరి అంగలు?

అల్లుడు: నీవే గదా.

మామ: రేపు వచ్చేవానికి నా కాళ్లు యాడినుంచి తెస్తావ్? కొట్టెయ్ అది. టేపు తీ.

టేపు కొస గోడకు ఆనించి నేను పట్టుకున్నాను. పదిహేడు అడుగుల నాలుగు అంగుళాలు.